థీసిస్ గుంటూరు మీద, చదివినవాళ్లలో గుంటూరోళ్లు లేరు. ఏం చెయ్యాలి?

పాతకాయితాలు
1832-33లో మన గుంటూరు జిల్లాలో వచ్చిన డొక్కల కరువు మీద పీహెచ్‌డీ చేశాను. మద్రాసు ఎగ్మూరు ఆర్కైవ్స్‌లో కూర్చుని రెవెన్యూ బోర్డు ప్రొసీడింగ్సూ కలెక్టర్లు రాసుకున్న ఉత్తరాలూ ముక్కుకి చున్నీ కట్టుకుని తిరగేసి రాసింది. థీసిస్ ఇంగ్లీషులో ఉంది. మా గైడు గారు, ఎగ్జామినర్లు, ప్రూఫులు దిద్దిపెట్టిన పాపానికి మా ఆయన, ఇంతే పాఠకులు.

ఇప్పుడు ఇక్కడే ఒక డిగ్రీ కాలేజీలో పాఠాలు చెప్తున్నా. మొన్న ఈ కరువు గురించి చెప్తుంటే ఒక పిల్ల లేచి "యూట్యూబ్‌లో వేరేగా ఉంది మేడం" అంది. ఇంటికెళ్లి చూశాను. తెల్లోళ్లు గేట్లు మూసేసి నీళ్లు వదలకుండా జనాన్ని చంపారంట, వెనకాల ప్రకాశం బ్యారేజీ డ్రోన్ షాటు. బ్యారేజీ వచ్చింది 1957లో. దానికి ముందున్న పాత ఆనకట్ట కూడా 1855కి గానీ పూర్తవలేదు. 1832లో మూయడానికి అసలు గేటనేదే లేదు, ఆనకట్ట కావాలని తర్వాత వాదించినవాళ్లు చూపించిన కారణాల్లో ఈ కరువే ఒకటి. కుంపిణీ వాళ్ల తప్పు లేదని కాదు, బోలెడుంది, శిస్తు వసూళ్లు ఎలా చేశారన్నది అదో పెద్ద కథ, కానీ ఆ తప్పు ఇది కాదు.

అడిగేది ఏంటంటే, మాలాంటివాళ్లం చేసిన పని మామూలు జనం దగ్గరికి ఎలా తీసుకెళ్లాలి? పేపర్‌కి రాస్తే సగం కోసేసి ఒక ఫోటో పెడతారు. కెమెరా ముందు నాకు గొంతు పెగలదు. మా సీనియర్ ఒకాయన అయితే "ఇవన్నీ నీకెందుకమ్మా, ప్రమోషన్‌కి పనికిరావు" అని తేల్చేశారు. ఇలాంటివి చేసినోళ్లు ఎవరన్నా ఉంటే చెప్పండి.

బ్రాడీపేట_4వలైను
నలుగురు చదివారా? మీరు అదృష్టవంతులండీ, నా ఎంకామ్ ప్రాజెక్టు నేనే చదవలేదు

గ్రూప్2_రాధిక
మీ జనం ఎక్కడున్నారో నేను చెప్తా మేడం, స్టడీ హాళ్లలో ఉన్నారు. తెలుగులో చరిత్ర పుస్తకాన్ని పేజీ పేజీకీ గీతలు పెట్టి చదివేది ఈ భూమ్మీద మేమే. బి.ఎస్.ఎల్. హనుమంతరావు గారి ఆంధ్రుల చరిత్ర నా దగ్గరున్నది మా అక్క చదివిన కాపీ, అంతకుముందు ఎవరో చదివారు, మూడు రంగుల గీతలున్నాయి దాంట్లో. కాకపోతే మాకు డొక్కల కరువు ఏ సంవత్సరం అన్నంతవరకే కావాలి, ఎందుకొచ్చింది అని బిట్ పేపర్లో ఎవడూ అడగడు.

పాతకాయితాలు
ఆ ఎందుకొచ్చిందే కదమ్మా నా థీసిస్సు 😀

కెమెరా_చైతన్య
ఆ బ్యారేజీ వీడియో నాది కాదు, ముందే చెప్తున్నా, అందరూ నా మీద పడతారు. నాదీ చిన్న ఛానలే, మన చుట్టుపక్కల గుళ్లు కోటలు గుహలు చేస్తుంటా. మేడం, మీ బాధ అర్థమైంది గానీ మా వైపు కూడా వినండి. కొండవీడు మీద వీడియో చేద్దామని ఇద్దరు ప్రొఫెసర్లకి ఫోన్ చేశా. ఒకాయన "నా పుస్తకం కొనుక్కుని చదువు" అన్నాడు, పుస్తకం అడిగితే ప్రింట్‌లో లేదు. ఇంకొకాయన గంట మాట్లాడాడు, గంటలో ఒక్క వాక్యం కూడా "ఇది ఇలా జరిగింది" అని ముగించలేదు, "అని కొందరి అభిప్రాయం" "అని భావించవచ్చు" "మరింత పరిశోధన అవసరం". నేను దాన్ని ఏం చేసుకోను? మీరు చెప్పరు, చెప్పేవాణ్ని చూసి మూతి తిప్పుతారు. ఉండవల్లి గుహల మీద ఒళ్లు దగ్గర పెట్టుకుని ఒక వీడియో చేశా, అనంతశయనం గురించి, నాలుగంతస్తులు ఒకే కొండలో ఎలా తొలిచారు, విష్ణుకుండినుల నాటివని ఎందుకంటారు, అన్నీ. దాన్ని ఎవరూ చూడలా. ఉండవల్లి నుంచి కొండవీటికి సొరంగం అని ఒకటి పెట్టా, దాంతో వచ్చిన డబ్బుల్తోనే మైకు కొన్నా.

కృష్ణలంక_కిరణ్
సొరంగం ఉంటే నాకు దారి చెప్పన్నా, వారధి మీద ట్రాఫిక్‌తో చస్తున్నా

బ్రాడీపేట_4వలైను
మంగళగిరి దగ్గర టోల్ గేటు పెట్టుంటారు అందులో కూడా

పటమట_పద్మ
జోకులు తర్వాత. చైతన్యా, "సొరంగం ఉందని ఊళ్లో చెప్పుకుంటారు, ఎవరూ చూపించలేదు" అని ఒక్క వాక్యం వీడియోలో పెట్టావా?

కెమెరా_చైతన్య
డిస్క్రిప్షన్‌లో పెట్టా అక్కా

పటమట_పద్మ
డిస్క్రిప్షన్ నీ పెళ్ళాం కూడా చదవదు

శాసనాల_పిచ్చి
నేను చరిత్ర చదువుకున్నవాణ్ని కాదు, ఎలక్ట్రిసిటీలో చేసి రిటైరయ్యా. శాసనాల పిచ్చి పట్టుకుంది. పాతకాయితాలు గారు అడిగిన దానికి నా అనుభవం ఒకటి చెప్తా, కొంచెం పొడుగు, ఓపిక పట్టండి.

మల్కాపురం స్తంభం ఎంతమందికి తెలుసు? వెలగపూడి సచివాలయానికి కూతవేటు దూరంలో ఉంది, రోజూ వేలమంది ఫైళ్లు పట్టుకుని దాని ముందు నుంచే పోతుంటారు. శక 1183, అంటే 1261. రుద్రమదేవి కాలం. గోళకి మఠం అనే శైవ మఠం గురువు విశ్వేశ్వర శివాచార్యుడికి గణపతిదేవుడు మందడం ఇచ్చాడు, రుద్రమ వెలగపూడి ఇచ్చింది. ఆ భూముల ఆదాయంతో ఏమేం నడపాలో రాతి మీద ఒక బడ్జెట్ లాగా చెక్కించారు. మఠం, చదువుకునే పిల్లలు, భోజనసత్రం, ఆరోగ్యశాల, ప్రసూతిశాల. వేదాలు చెప్పడానికి ముగ్గురు, తర్కం సాహిత్యం ఆగమం లాంటివాటికి ఐదుగురు, ఒక వైద్యుడు, ఒక లెక్కలు రాసేవాడు.

ఒక ప్రొఫెసర్ గారు ఒక ఆదివారం మమ్మల్ని కొందరిని అక్కడికి తీసుకెళ్లారు. ఇది ఫలానా, అది ఫలానా అని ఉపన్యాసం ఇవ్వలా. నాలుగు వైపులా ఉన్న రాతలో ఒక్కో చోట వేలు పెట్టి చదవడం, తెలుగులో చెప్పడం, "ఈ అక్షరం అరిగింది, ఇక్కడ మాత్రం ఊహ" అని ఆగడం. పొలాల నుంచి వస్తున్న ఆడవాళ్లు ఏదో పూజ జరుగుతోందనుకుని నిలబడ్డారు. ప్రసూతిశాల అనగానే ఒకావిడ "అయితే మంత్రసాని కూడా ఉండేదా బాబూ, ఆవిడకేం ఇచ్చేవోళ్లు?" అని అడిగింది. ఆయన కాసేపు రాయి వైపు చూసి "వైద్యుడి సంగతి రాశారమ్మా, మంత్రసాని సంగతి రాయలేదు. ఉండే ఉంటుందని నాకూ అనిపిస్తుంది, కానీ రాయి చెప్పనిది నేను చెప్పకూడదు" అన్నారు. ఆవిడ ఊరుకుందా? "రాయించినోళ్లు మగోళ్లు, ఎందుకు రాస్తారు" అంది. ప్రొఫెసర్ గారు పక్కకి తిరిగి డైరీలో రాసుకున్నారు ఆ మాట. ఇప్పటికీ ఏ సెమినార్లో మాట్లాడినా ఆవిడ ప్రశ్న చెప్తారు.

చైతన్య తమ్ముడికి చెప్పేది అదే. "రాయలేదు" అన్న మాట కూడా జనం వింటారు, రాయి ఎదురుగా ఉంటే.

గ్రూప్2_రాధిక
మల్కాపురం శాసనం మా నోట్స్‌లో ఒక లైను. "గోళకి మఠం - మల్కాపురం - రుద్రమదేవి". సచివాలయం పక్కనే అని ఇప్పుడే తెలిసింది. నేను ఎగ్జామ్ రాసేది ఆ బిల్డింగ్‌లో ఉద్యోగం కోసం 🙏

కంతేరు_కుర్రాడు
నిజం చెప్పాలంటే గుంటూరు మీద పరిశోధన లేక కాదు, మన దాకా రాక. రాబర్ట్ ఫ్రైకెన్‌బర్గ్ అని అమెరికా ప్రొఫెసర్, 1788 నుంచి 1848 దాకా గుంటూరు జిల్లా మీద పుస్తకం రాశాడు, 1965లో ఆక్స్‌ఫర్డ్ వాళ్లు వేశారు. పైన కుంపిణీ దొరలు ఏలుతున్నాం అనుకుంటూ కూర్చుంటే కింద కచేరీలో దేశస్థ (మరాఠీ) కుటుంబాల ఉద్యోగులు, ఊళ్లో కరణాలు, జమీందార్లు కలిసి శిస్తు డబ్బులు ఎలా మాయం చేశారో అందులో ఉంటుంది. ఇప్పటి ఏ వెబ్ సిరీస్ కన్నా తక్కువ కాదు. ఇంకో విశేషం ఏంటంటే ఆ గోల విచారించమని మద్రాసు నుంచి వచ్చిన వాల్టర్ ఇలియట్టే 1845లో అమరావతి స్తూపం తవ్వించింది. పొద్దున శిస్తు దొంగల్ని తవ్వడం, సాయంత్రం స్తూపాన్ని తవ్వడం అన్నమాట. ఆయన తవ్విన రాళ్లే తర్వాత లండన్ చేరి బ్రిటిష్ మ్యూజియంలో కూర్చున్నాయి. అమరావతి రాళ్లు లండన్లో ఉన్నాయని మనూళ్లో ఆటో అతను కూడా చెప్తాడు, ఎవరు ఎందుకొచ్చి తవ్వారో మాత్రం ఇంగ్లీషు పుస్తకంలోనే ఉండిపోయింది.

పాతకాయితాలు
కంతేరు కుర్రాడు గారు మీరెవరో గానీ నా థీసిస్ రెండో చాప్టర్ అంతా ఒక్క పేరాలో చెప్పేశారు. నాకు దానికి అరవై పేజీలు పట్టింది, ఏడవాలో నవ్వాలో తెలియట్లా

తెనాలి_మాస్టారు
అమ్మా, ఇది కొత్త సమస్య కాదు. కొమర్రాజు లక్ష్మణరావు గారు 1906లో విజ్ఞానచంద్రికా మండలి పెట్టిందే ఇందుకు. చరిత్ర, సైన్సు తెలుగులో, చవగ్గా, మామూలు చదువరికి అందేట్టు. చిలుకూరి వీరభద్రరావు గారి ఆంధ్రుల చరిత్రము మొదటి భాగం 1910లో వేసింది వాళ్లే. మల్లంపల్లి సోమశేఖర శర్మ గారికి డిగ్రీ లేదు, అయినా రెడ్డిరాజుల మీద ఆయన రాసిందే ఇప్పటికీ ఆధారం. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు ఆయన్ని పిలిచి పెట్టుకుంది. ఆ రోజుల్లో పండితుడికీ పాఠకుడికీ మధ్య ఇంత గోడ లేదు. ఇంకా చెప్పాలంటే 1935లో పాతూరి నాగభూషణం గారు పెదవడ్లపూడి నుంచి పెదపులివర్రు దాకా కాలవలో పడవ మీద పుస్తకాలు తిప్పారు, రేవు రేవునా ఆపి పుస్తకం ఇచ్చి మళ్లీ వచ్చినప్పుడు తీసుకునేవారు. ఇప్పుడు చేతిలో ఫోను ఉండి కూడా చరిత్ర ఊరి దాకా రావట్లేదంటే లోపం ఎవరిది? యూనివర్సిటీలు ఇంగ్లీషులోకి పోయి తలుపు వేసుకున్నాయి.

పటమట_పద్మ
మాస్టారూ, మీ మీద గౌరవంతోనే చెప్తున్నా, ఆ రోజులు మరీ అంత బంగారం కావు. మండలి పుస్తకాలు కొన్నది ఎవరు? అక్షరం వచ్చినవాళ్లు. 1910లో మన వైపు ఆడవాళ్లలో, మాల మాదిగ పల్లెల్లో చదువు వచ్చినవాళ్లు ఎందరు? పైగా ఆ గ్రాంథికం. మా నాయనమ్మ పాలేరు పిల్ల, ఆవిడ దాకా ఏ మండలీ రాలేదు. పల్నాటి వీరుల కథ మాత్రం వచ్చింది, కారెంపూడిలో పాడేవాళ్ల నోటి ద్వారా. దాన్ని చరిత్ర అనాలా వద్దా అని యూనివర్సిటీ వాళ్లు ఇంకా కొట్టుకుంటున్నారు. గోడ అప్పుడూ ఉంది మాస్టారూ, గోడకి ఇటు పక్క మీరున్నారు కాబట్టి కనపడలా.

తెనాలి_మాస్టారు
ఒప్పుకుంటాను, సగం. పడవలో పుస్తకాలు మాత్రం కాలవగట్టున ఉన్న ప్రతి ఊరికీ వెళ్లాయి, చదవడం రానివాళ్లకి చదివి వినిపించేవాళ్లు కూడా ఉండేవాళ్లు.

పటమట_పద్మ
వినిపించేవాడు ఉన్నాడన్నారు చూశారా, అది కావాలి ఇప్పుడు.

ఏపీఐ_బాధితుడు
నేను అసిస్టెంట్ ప్రొఫెసర్ని, ఎక్కడో చెప్పను. అందరూ మమ్మల్ని తిడుతున్నారు కాబట్టి లోపలి సంగతి వినండి. 2010 నుంచి మా ప్రమోషన్లకి ఏపీఐ స్కోర్లు అని వచ్చాయి. మనం చేసే ప్రతిదానికీ నంబరు. తర్వాత కేర్ లిస్టు అన్నారు, ఆ లిస్టులో ఉన్న జర్నల్లో పేపర్ పడితేనే పేపరు. ఆ లిస్టుని మళ్లీ 2025లో తీసేశారు, అది వేరే కామెడీ. నేను నిరుడు తెలుగు పేపర్ ఆదివారం అనుబంధంలో మంచి వ్యాసం రాశా, ఫోన్లొచ్చాయి, ఒకాయన వాళ్ల తాత రాసుకున్న ఉప్పు సత్యాగ్రహం డైరీ ఉందని చెప్పాడు. అంతకన్నా ఏం కావాలి? ఇంటర్వ్యూలో ఆ క్లిప్పింగ్ చూపిస్తే ఎదురుగా కూర్చున్నాయన దాన్ని తిరగేసి వెనకాల సినిమా యాడ్ చదివి ఇచ్చేశాడు. జనానికి రాయడం కూడా లెక్కలోకి వస్తుందని కాయితం మీద ఎక్కడో ఉంటుంది, కుర్చీలో కూర్చున్నోళ్లు దాన్ని లెక్కపెట్టరు. ఖర్చుపెట్టే సాయంత్రం ఒక్కటే ఉన్నప్పుడు అది జర్నల్‌కే పోతుంది. బద్ధకం కాదు, ఈఎంఐ.

లీడ్స్_లక్ష్మి
ఇంగ్లండ్ వాళ్లు దీన్నే తిప్పి లెక్కలో పెట్టారు. 2014లో యూనివర్సిటీల రీసెర్చికి మార్కులేసినప్పుడు ఇరవై శాతం "ఇంపాక్ట్" కి, అంటే నీ పరిశోధన క్యాంపస్ బయట ఎవరికి ఏం చేసిందో చూపించాలి, 2021లో పాతిక శాతం చేశారు. దాంతో హిస్టరీ డిపార్ట్‌మెంట్లు మ్యూజియంలతో, స్కూళ్లతో, టీవీ వాళ్లతో పనిచేయడం మొదలెట్టాయి. నా ఫ్రెండ్ ఒకమ్మాయి బట్టల మిల్లుల చరిత్ర మీద చేస్తుంది, రిటైరైన మిల్లు కార్మికుల దగ్గర కూర్చుని రికార్డు చేసి వాళ్లతోనే ఎగ్జిబిషన్ పెట్టించింది.

ఏపీఐ_బాధితుడు
బాగుందండి, ఇక్కడ పెడితే ఏమవుతుందో చెప్పనా? ప్రతి కాలేజీలో "ఇంపాక్ట్ సెల్" అని బోర్డు, ప్రతి ఊళ్లో బ్యానర్, ఎన్ఎస్ఎస్ పిల్లల్ని కూర్చోబెట్టి ఫోటో, ఫోటో జియోట్యాగ్ చేసి అప్‌లోడ్.

లీడ్స్_లక్ష్మి
ఇక్కడా ఆ బాపతు ఉన్నాయిలెండి, బ్యానర్ కొంచెం మంచి ఫాంట్‌లో ఉంటుంది

ఫాంట్_బాధితుడు
ఫాంట్ అన్నారు కాబట్టి నా ఏడుపు. శోధ్‌గంగ అని ఒకటుంది, దేశంలో థీసిస్‌లన్నీ అందులో పెట్టాలి, 2009లో యూజీసీ రూల్. ఎవరైనా ఉచితంగా దించుకోవచ్చు. గొప్ప విషయం. మన వైపు చరిత్ర మీద తెలుగులో రాసిన థీసిస్ ఒకటి దొరికింది, దించుకుని ఊరి పేరు వెతికితే సున్నా రిజల్ట్స్. కాపీ చేసి పేస్ట్ చేస్తే ఏదో మంత్రం వచ్చింది. అనూ ఫాంట్‌లో కొట్టి పీడీఎఫ్ చేశారు మహానుభావులు. కంటికి తెలుగు, కంప్యూటర్‌కి చెత్త. అందుకే గూగుల్లో మీ ఊరి పేరు కొడితే సొరంగం వస్తుంది, థీసిస్ రాదు. మేడం మీరు ఏం చేసినా చెయ్యకపోయినా తెలుగులో రాసింది యూనికోడ్‌లో పెట్టండి, దణ్ణం పెడతా.

బ్రాడీపేట_4వలైను
డీటీపీ సెంటర్ వాడికి చెప్పి చూడండి యూనికోడ్ అని, ఏ పార్టీ అని అడుగుతాడు

వికీ_వాసు
తెలుగు వికీపీడియా 2003 నుంచి ఉంది. చరిత్ర లెక్చరర్లు వచ్చి డొక్కల కరువు పేజీలో నాలుగు వాక్యాలు ఆధారాల్తో సరిచేస్తే చాలు, ఆ యూట్యూబ్ వాళ్లంతా స్క్రిప్టు తీసుకునేది అక్కణ్నుంచే. వాళ్లతో పోట్లాడే కన్నా వాళ్లు తాగే బావిలో మంచినీళ్లు పొయ్యండి.

కెమెరా_చైతన్య
నిజమే, నేనూ అక్కణ్నుంచే తీసుకుంటా 🙈

కృష్ణలంక_కిరణ్
ఇంకోటుంది ఎవరూ అనట్లేదు. మా బాబాయి లెక్చరర్, ఒక కోట మీద ఒక వ్యాసం రాశాడు. ఆ రాజులు ఫలానా వాళ్ల పూర్వీకులు అనడానికి ఆధారం సరిపోదు అని ఒక్క లైను. పొద్దున్నే ఇంటికి పదిమంది. ఆ తర్వాత ఆయన ఏదీ రాయలేదు, ఇప్పుడు మేడ మీద గులాబీలు పెంచుతున్నాడు. జనంలోకి రమ్మంటారు, వస్తే జనం ఇలా వస్తారు.

పల్నాడు_పులి99
ఆధారం ఎందుకు లేదు, అసలు ఆ రాజులు ఎవరో నేను చెప్తా, మా వంశ వృక్షం

మోడరేటర్
కులం పేరెత్తిన పోస్టు ఏదైనా లేపేస్తా. కృష్ణదేవరాయలదైనా సరే. పులి గారిది కింద రెండు పోస్టులు తీసేశాను.

శాసనాల_పిచ్చి
కిరణ్ చెప్పింది నిజం. పింగళి వెంకయ్య గారి జెండా సంగతే తీసుకోండి. 1921లో బెజవాడ కాంగ్రెస్ సమావేశాలప్పుడు ఆయన గాంధీకి జెండా చూపించారు, బందరు రోడ్డు మీద బాపూ మ్యూజియం బిల్డింగ్‌లో. ఎరుపూ ఆకుపచ్చా, మధ్యలో రాట్నం. తెలుపు చేర్చమన్నది గాంధీ, 1931లో రంగులు మారాయి, 1947లో రాట్నం పోయి అశోక చక్రం వచ్చింది. ఇంత చెప్తే ఆయన గొప్పతనం ఏం తగ్గింది? నేను ఒక స్కూల్లో ఇదే చెప్తే హెడ్మాస్టర్ గారు పక్కకి పిలిచి "పిల్లల ముందు అలా అనబాకండి సార్, మన జిల్లా ఆయన" అన్నారు.

గ్రూప్2_రాధిక
బిట్ పేపర్లో "జాతీయ జెండా రూపకర్త" అనే వస్తుంది, మీరు చెప్పింది రాస్తే నాకు మైనస్ మార్కు

మంగళగిరి_మగ్గం
రెండ్రోజుల్నుంచి చదువుతున్నా, నేను రాయొచ్చో లేదో అని ఆగా. మా అమ్మమ్మ వాళ్లది కరణీకం ఇల్లు, ఎనభై నాలుగులో కరణాల్ని తీసేసేదాకా చేశారు. అటక మీద చెక్కపెట్టె ఉంది, దాంట్లో తాటాకు కట్టలు కొన్ని, గుడ్డలో చుట్టిన కాయితాలు చాలా. కరువు అనే మాట ఒక కాయితంలో చదవగలిగా, మిగతా రాత గొలుసుకట్టు, నాకు అందట్లా. మా మావయ్య ఇల్లు పడగొట్టి అపార్ట్‌మెంట్‌కి ఇస్తున్నాడు, పాత సామాన్లవాణ్ని పిలుస్తానంటున్నాడు. పాతకాయితాలు గారికి ఏమన్నా పనికొస్తాయా? లామినేషన్ చేయిస్తే ఆగుతాయా?

పాతకాయితాలు
అమ్మో వద్దు. లామినేషన్ చేయించమాకండి దయచేసి, వేడికి కాయితం కాలినట్టే, మళ్లీ విడదీయలేం. తాటాకులకి నూనెలూ పసుపూ ఏమీ రాయొద్దు. ఎండలో పెట్టొద్దు. గుడ్డ ఉంటే ఆ గుడ్డలోనే ఉంచండి, కట్టలు ఏ వరసలో ఉన్నాయో ఆ వరస కదపొద్దు, ఏది దేని పక్కనుందో అది కూడా సమాచారమే. కరువు అని ఉన్న కాయితం పైన సంవత్సరం ఏమన్నా ఉందా? ఫసలీ (రెవెన్యూ లెక్కల సంవత్సరం) అని ఉండి అంకె ఉంటుంది చూడండి.

మంగళగిరి_మగ్గం
ఫసలీ అని ఉంది. 1286 లాగా ఉంది, చివరిది 6 అవునో కాదో.

పాతకాయితాలు
ఫసలీకి 590 కలపండి. 1286 అయితే 1876, జూలై నుంచి మొదలయ్యే సంవత్సరం. నా కరువైతే 1242 ఉండాలి. మీది ధాత కరువు కాలం నాటిది అయ్యుంటుంది. అప్పటికి ఆనకట్ట, కాలవలు వచ్చేశాయి, రాయలసీమ, నెల్లూరు వైపు చచ్చినంత డెల్టాలో చావలేదు. అందుకే మీ కాయితం ఇంకా ఆసక్తి, కాలవ కింద ఊళ్లో కరణం కరువు గురించి ఏం రాసుకున్నాడు? గింజలు ఎటు పోయాయి, మెట్ట నుంచి మనుషులు ఎవరన్నా వచ్చారా? చివరి అంకె 0 అయితే మళ్లీ కథ మారిపోతుంది, కాబట్టి నేను చూసేదాకా ఎవరికీ ఏమీ చెప్పొద్దు. చైతన్యకి అసలు చెప్పొద్దు 😀

తెనాలి_మాస్టారు
ఫసలీ లెక్క నాకు ఇప్పటిదాకా తెలియదు, మా నాన్నగారి దస్తావేజులన్నీ ఫసలీల్లోనే ఉన్నాయి. అమ్మా, ఇందాక అడిగావే జనానికి ఎలా చెప్పాలని, ఈ రెండు పోస్టుల్లో చెప్పేశావు.

పటమట_పద్మ
మాస్టారితో మొదటిసారి ఒప్పుకుంటున్నా, స్క్రీన్‌షాట్ తీసుకోండి ఎవరన్నా

ఏపీఐ_బాధితుడు
ఒక ఐడియా. ఏదో ఒక లైబ్రరీలో, లేకపోతే కల్యాణమండపంలో మధ్యాహ్నం ఖాళీగా ఉన్నప్పుడు, "మీ ఇంట్లో పాత కాయితాలు తెచ్చుకోండి" అని పెడదాం. మేము ముగ్గురు నలుగురం కూర్చుంటాం, చదివి చెప్తాం, ఫోటో తీసుకుని కాయితం వాళ్లకే ఇచ్చేస్తాం. ఉపన్యాసం లేదు, సన్మానం లేదు, శాలువా లేదు. పాయింట్లు రావు, పోనీ.

బ్రాడీపేట_4వలైను
శాలువా లేకుండా మన వైపు మీటింగా? పోలీసులు పర్మిషన్ ఇవ్వరు

కంతేరు_కుర్రాడు
భూమి గొడవలున్నోళ్లు వస్తారు చూస్కోండి, దస్తావేజు తెచ్చి "ఇది మాదే అని రాసివ్వండి" అంటారు. రాజధాని ఏరియాలో మరీనూ.

ఏపీఐ_బాధితుడు
ఇది నేను ఆలోచించలా. "హక్కుల సంగతి చెప్పబడదు" అని బోర్డు పెట్టాలి ముందు.

శాసనాల_పిచ్చి
బోర్డు పెట్టినా అడుగుతారు. పక్కన ఒక రిటైర్డ్ సబ్ రిజిస్ట్రార్‌ని కూర్చోబెడదాం, మా వీధిలో ఒకాయన ఉన్నాడు, పొద్దుపోక కొట్టుకుంటున్నాడు.

మంగళగిరి_మగ్గం
మావయ్య ఒప్పుకున్నాడు, ఆదివారం దాకా పెట్టె కదపనన్నాడు. పదింటికి రండి, టిఫిను మా ఇంట్లోనే. ఇంకెవరు వస్తారో చెప్తే పిండి ఎక్కువ కలుపుతా.

పాతకాయితాలు
నేనూ, నా స్టూడెంట్ ఒకమ్మాయీ వస్తాం, ఆ యూట్యూబ్ అని లేచిన పిల్లే. శాసనాల పిచ్చి గారు వస్తానంటే గొలుసుకట్టు చదవడానికి సాయం.

కెమెరా_చైతన్య
మేడం నేను? తాటాకు విప్పేటప్పుడు క్లోజప్‌లో తీస్తా, మీరు మొహం చూపించక్కర్లా, చేతులూ గొంతూ చాలు. మీకు గొంతు పెగలదంటిరి, కాయితం చూస్తూ మాట్లాడితే అదే పెగులుద్ది

పాతకాయితాలు
మూడు షరతులు. ఎడిట్ చేశాక పెట్టే ముందు నాకు చూపించాలి. "తెలియదు" అని నేను అన్నచోట కోయకూడదు. థంబ్‌నెయిల్ మీద ఎర్ర బాణం, "షాకింగ్" ఉండకూడదు.

కెమెరా_చైతన్య
మొదటి రెండూ ఓకే. బాణం లేకపోతే ఎవడు నొక్కుతాడు మేడం

పాతకాయితాలు
ఫసలీ అంకె మీద ఒక్క బాణం పెట్టుకో. చిన్నది.

కెమెరా_చైతన్య
మీడియం

మంగళగిరి_మగ్గం
ఇద్దరూ వచ్చి పెసరట్లు తింటూ తేల్చుకోండి. చైతన్యా, బూట్లు బయట విప్పు, మా అమ్మమ్మ ఊరుకోదు.